ముదిరిన బెండకాయా పనికొస్తుంది: ఎండిన తోటకాయలతో గుమ్మం అలంకరణ

బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరారని మనవాళ్లంటారు. బ్రహ్మచారుల తరఫున నేను మాట్లాడలేను. బెండకాయ తరఫున మాత్రం మాట్లాడగలను. మూడేళ్లుగా దసరా దాటాక మా గుమ్మం పక్కన వేలాడేది ముదిరి, ఎండి, అంచుల వెంట పగిలిన బెండకాయల గుత్తే. దానికి తోడు బీరపీచు బిళ్లల దండ, ఎండుమిరప గుత్తి, జడల్లిన మొక్కజొన్న పొత్తులు, కింద పీట మీద ఒక సొరబుర్ర. అన్నీ మా మిద్దె మీద తొట్లలో కాసినవే. డబ్బు పెట్టి కొన్నది ఒక పురికొస ఉండ, నాలుగు సాండ్‌పేపర్ ముక్కలు.

చేతిపని రాదనుకునేవాళ్లూ చేయగలిగిన పని ఇది. గీసేది, అతికించేది దాదాపు ఉండదు. పనంతా ఎండబెట్టడంలోనే ఉంది. అది సరిగ్గా జరిగితే చివర్లో ముడులు వేయడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను, ఆ అనుభవం నాకు బాగానే ఉంది.

ముందు కాయను వదిలేయాలి

కూరకు కోసే వయసులో ఉన్న కాయ దీనికి పనికిరాదు. లేత కాయలో నీళ్లే ఎక్కువ. ఎండబెడితే ముడుచుకుపోయి వరుగులా తయారవుతుంది. పెంకు కట్టిన కాయ, పీచు పట్టిన కాయ, లోపల గింజ ముదిరిన కాయ మాత్రమే ఎండాక కూడా తన ఆకారంలో నిలబడుతుంది. కాబట్టి మొదటి పని, కొన్ని కాయల జోలికి వెళ్లకపోవడం.

ఇందులో ఒక చిక్కుంది. గింజ ముదిరే కాయ తీగ మీద ఉంటే మొక్క తన బలమంతా దానికే పెడుతుంది, కొత్త పూత తగ్గిపోతుంది. పాదు మీద మొదట కాసిన కాయనే వదిలేస్తే ఆ సీజనులో మీకు కూర ఉండదు. మృగశిర కార్తెలో గింజ పెట్టి ఉంటే ఆగస్టుకల్లా కాపు మొదలవుతుంది. ఒక నెల కడుపునిండా కూరలు వండుకోండి. వినాయక చవితి దాటాక పాదుకు ఒకటో రెండో మంచి కాయలు ఎంచి వదిలేయండి. బెండకైతే ఇంత లెక్క అక్కర్లేదు. ఒకటి రెండు మొక్కలను పూర్తిగా వదిలేసి, మిగతావాటిని మామూలుగా కోసుకుంటే సరిపోతుంది.

ఎంచిన కాయ తొడిమకు ఎర్ర దారం కట్టండి, ఇంట్లో అందరికీ చెప్పండి. మొదటి ఏడాది నేను చెప్పలేదు. వారం రోజులు ఊరెళ్లి వచ్చేసరికి, నేను కళ్లలో పెట్టుకుని చూసుకున్న సొరకాయ ముక్కలై పులుసు గిన్నెలో ఉంది. "అంత కాయని తీగకి కుళ్లబెడతారుటమ్మా" అని అత్తయ్యగారు. పులుసులో ముక్క ఎంతకీ ఉడకలేదు, తోలు నమిలినట్టు ఉంది. ఆవిడ కూడా తినలేదు, పైకి మాత్రం అనలేదు.

ఇక వానల లెక్క. తెలంగాణలో అక్టోబరు మధ్యకు వాన దాదాపు తగ్గిపోతుంది, కాయలు తీగ మీదే ఎండడానికి వీలు. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి. నెల్లూరు, తిరుపతి వైపైతే ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే. అక్కడివాళ్లు కాయ ముదరగానే కోసి వరండాలోనో, మేడమెట్ల కిందనో ఎండబెట్టుకోవడం మేలు. ముదిరిన కాయకు తీగతో పెద్ద అవసరం లేదు, గాలి ఉంటే చాలు.

సొరబుర్ర: ఓపిక ఉన్నవాళ్లకే

మా అమ్మావాళ్లది విజయనగరం వైపు. అక్కడ ఆనపకాయ అంటారు. పేరేదైనా బుర్ర చేయడానికి అన్ని రకాలూ పనికిరావు. మార్కెట్లో దొరికే పొడవాటి హైబ్రిడ్ కాయల పెంకు పల్చన, ఎండాక వేలితో నొక్కితే పగుళ్లిస్తుంది. గుండ్రటి నాటు సొర గానీ, మెడ సన్నగా ఉండి కింద కుండలా ఉండే బుర్ర సొర గానీ వేయండి. విత్తనాలు పంచుకునే మిద్దెతోట బృందాల్లో అడిగితే దొరుకుతాయి. బుర్ర కోసం వేసే కొన్ని నాటు రకాలు చేదు. చేదు సొరకాయ పొరపాటున కూడా తినకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పాదు ఉంటే విడిగా గుర్తు పెట్టుకోండి.

కాయ ముదిరిందని ఎలా తెలుస్తుంది? లేత కాయ మీద నూగు ఉంటుంది, ముదిరేకొద్దీ అది రాలిపోయి చర్మం నున్నబడుతుంది. ఆకుపచ్చ పాలిపోయి గోధుమరంగులోకి తిరుగుతుంది. గోరు గుచ్చితే దిగదు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు తొడిమ. అది పూర్తిగా ఎండి కట్టెలా అయ్యేదాకా కోయకండి. పిందె పడిన దగ్గర్నుంచి ఇదంతా జరగడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఉత్తుత్తి గొప్పలు చెప్పేవాణ్ణి సొరకాయలు కోస్తున్నాడంటాం కదా, ఈ పనిలో సొరకాయ కోయడానికి తొందరపడినవాళ్లకు చివరికి చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

కోసేటప్పుడు తొడిమతో పాటు రెండంగుళాల తీగ ఉంచి కత్తెరతో కత్తిరించండి. మెలితిప్పి లాగితే తొడిమ ఊడి అక్కడ చిల్లు పడుతుంది, కుళ్లు మొదలయ్యేది ఆ చిల్లులోంచే. కింద పడేయకండి. దెబ్బ తగిలినచోట పైకి ఏమీ కనపడకపోయినా నెలకు నల్లబడుతుంది. తడిబట్టతో మట్టి తుడిచి, పొడిబట్టతో అద్ది ఆరనివ్వండి.

ఇప్పుడు ఎండబెట్టడం. నేరుగా మండే ఎండ వద్దు. పెంకు ఒక పక్క త్వరగా ఎండి పగులుతుంది. నీడ, గాలి ఉన్న చోటు కావాలి, కింది నుంచి కూడా గాలి ఆడాలి. పాత నులక మంచం ఇంట్లో మిగిలి ఉంటే దానికి మించినది లేదు. మాకు లేదు. టమాటాలొచ్చే చిల్లుల ప్లాస్టిక్ క్రేటును బోర్లించి, దాని మీద పెడతాను. కాయకూ కాయకూ మధ్య బెత్తెడు ఎడం ఉంచి, వారానికోసారి తిప్పుతూ ఉంటాను.

రెండు మూడు వారాలకు పెంకు మీద బూజు వస్తుంది. తెల్లగా మొదలై, బూడిదరంగై, కొన్నిచోట్ల నల్లటి మచ్చలు కూడా. మొదటిసారి చూసినవాళ్లెవరైనా కాయ పోయిందనే అనుకుంటారు, తీసి చెత్తలో వేస్తారు. వేయకండి. లోపలి నీరు పెంకులోంచి బయటికి వస్తోంది, ఆ తేమ మీద బూజు పడుతోంది. అది పైపొర వరకే. ఆ మచ్చలే తర్వాత కడిగితే పాలరాతి మీద చారల్లాంటి గుర్తులుగా మిగులుతాయి. నాకైతే ఏ పెయింటుకన్నా అవే అందం. చూడాల్సింది బూజును కాదు, గట్టిదనాన్ని. నొక్కితే మెత్తగా లోపలికి పోయినా, ఒక పక్క కుంగినా, జిగురు కారినా ఆ కాయ పోయినట్టే. వెంటనే కంపోస్టులో వేయండి. త్వరగా ఎండుతుందని సూదితో చిల్లులు పొడవడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

రెండో ఏడాది నేను చేసిన తప్పు ఇది. కోతులు ఎత్తుకుపోతాయన్న భయంతో నాలుగు కాయల్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టి, పడకగదిలో బీరువా మీద పెట్టాను. నెలన్నర తర్వాత ఒక రాత్రి గదిలో ఏదో పుల్లటి వాసన. ఎలుక చచ్చిందేమోనని మంచం కింద, పరుపు కింద వెతికాం. తెల్లారాక చూస్తే సంచి అడుగు కారి, బీరువా తలుపు మీదుగా గోధుమరంగు చార ఒకటి తాళం బుర్ర దాకా దిగింది. తలుపు తెరిస్తే పై అరలో ఉన్న పట్టుచీర మడతకు ఒక మూల తడి. ఆ చీర డ్రైక్లీనింగుకు వెళ్లొచ్చింది గానీ ఆ మూల ఇప్పటికీ కొంచెం గట్టిగానే ఉంటుంది. గాలి ఆడని చోట సొరకాయ ఎండదు. కోతుల బెడద ఉంటే ఇనుప మెష్ అడ్డం పెట్టుకోండి గానీ సంచిలో కట్టకండి.

పిడికిలంత కాయ రెండు నెలల్లో ఎండుతుంది. తలకాయంత కాయకు నాలుగైదు నెలలు. అందుకే చెప్తున్నాను, ఈ ఏడాది వదిలిన పెద్ద సొర ఈ సంక్రాంతికి చేతికి రాదు. ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉండి, ఊపితే గింజలు గలగలమంటే ఎండినట్టు. ఆ గలగల విన్నాక అర్థమవుతుంది మన వాద్యాలు ఈ బుర్రను ఎందుకు పట్టుకున్నాయో. వీణ దండి కింద ఉండే రెండో బుర్ర సంప్రదాయంగా ఎండిన సొరకాయే. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య వాయించిన పన్నెండు మెట్ల కిన్నెర మోగేది కూడా ఈ బుర్రల వల్లే.

శుభ్రం చేయడానికి గోరువెచ్చటి నీళ్లలో తడిపిన పాత తువ్వాలు బుర్రకు చుట్టి గంటసేపు ఉంచండి. నానిన పైపొరను గిన్నెలు తోమే స్టీలు పీచుతో, గుండ్రంగా కాకుండా ఒకే దిశలో రుద్దండి. బియ్యప్పొట్టులాంటి పల్చని పొర లేస్తుంది, కింద నున్నటి పెంకు బయటపడుతుంది. మొండికేసిన చోట మళ్లీ తడి బట్ట చుట్టండి, కత్తితో గీకకండి. రెండు రోజులు నీడలో ఆరాక 120 నంబరు సాండ్‌పేపరుతో, తర్వాత 220తో తేలిగ్గా రుద్దితే చెయ్యి జారిపోయేంత నునుపు వస్తుంది.

మెరుపు కావాలంటే రంగు లేని బూట్‌పాలిష్ బట్టతో రుద్దండి. పెయింట్ల షాపులో దొరికే లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, పల్చగా పూసినా బాగుంటుంది. కొబ్బరినూనె వద్దు. అది ఎప్పటికీ ఆరదు, జిడ్డై దుమ్మంతా పట్టుకుంటుంది. అవిసె నూనె పూసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విప్పి ఆరేయండి. రంగు వేయాలనిపిస్తే జాజు పూసి, ఆరాక ముగ్గుపిండితోనో సున్నంతోనో సన్నటి గీతలు పెట్టండి. పల్లె ఇళ్ల అరుగులకు వేసే ఆ రెండు రంగులే దీనికి నప్పుతాయి. యాక్రిలిక్ పువ్వులు, అద్దాలు, చమ్కీలు నాకు నచ్చవు. మీ ఇష్టం.

బుర్రను కోసి గిన్నెలానో, చిల్లులు పెట్టి దీపపు బుర్రలానో చేయాలంటే పెన్సిల్‌తో గీత గీసి హ్యాక్సా బ్లేడుతో కోయండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి, పని ఆరుబయటే. లోపలి పొడి ఘాటుగా గొంతు పట్టేస్తుంది. లోపల పెట్టే వెలుగు ఎల్‌ఈడీ సీరియల్ సెట్టే కావాలి. ఎండిన బుర్ర అంటే ఎండు కట్టే, ప్రమిద పెట్టకండి. గింజలు దాచుకోండి.

బీరపీచు

మామూలు బీర కన్నా నేతిబీర దీనికి బాగుంటుంది, పీచు పెద్దది, వత్తుగా ఉంటుంది. పెరట్లో నేతిబీర ఉన్నవాళ్లకు కోయడం మర్చిపోయిన కాయలు ఎప్పుడూ నాలుగు ఉంటాయి, వెతకండి. తీగ మీదే చర్మం ఎండి పెళుసుగా అయ్యేదాకా ఆగాలి. పట్టుకుంటే ఈకంత బరువు, ఊపితే గింజల చప్పుడు.

కాయ అడుగున చిన్న మూతలాంటిది ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి తీసేసి కాయను బోర్లించి ఊపితే నల్లటి గింజలు జలజలా రాలతాయి. పావుగంట నీళ్లలో నానబెట్టి బొటనవేలితో నొక్కితే చర్మం గుడ్డు పెంకులా ఊడొస్తుంది. లోపలి జిగురు పోయేదాకా రెండు మూడు నీళ్లు మార్చి పిండి, మంచి ఎండలో ఆరేయండి. దీనికి ఎండ ఎంతైనా ఫర్వాలేదు.

ఆరాక బ్రెడ్డు కోసే పళ్ల కత్తితో ముప్పావు అంగుళం మందాన బిళ్లలు కోయండి. బీరకాయ లోపల మూడు గదులుంటాయి కాబట్టి ప్రతి బిళ్లకూ మధ్యలో మూడు కన్నాలు, చుట్టూ అల్లిక, అచ్చం క్రోషియా పువ్వు. ఒక జానెడు కాయకు పది పన్నెండు బిళ్లలు వస్తాయి. కొన్నింటికి రంగు మార్చాలంటే లీటరు నీళ్లలో రెండు చెంచాల టీ పొడి మరిగించి వడగట్టి, గంటసేపు ముంచి తీయండి, మట్టిరంగు పడుతుంది. పసుపుతో అద్దిన రంగు మొదట కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ గుమ్మం దగ్గర వెలుతురుకు కొద్ది రోజుల్లోనే వెలిసిపోతుంది.

బెండ, గోంగూర

బెండకు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. మొక్క మీదే గోధుమరంగు తిరిగి, అంచుల వెంట సన్నగా పగుళ్లు మొదలయ్యాక తొడిమ పొడవుగా ఉంచి కోయండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఎండిన బెండ నూగు చర్మంలో దిగితే రోజంతా దురదే. ఐదారు కాయలు కలిపి కట్టి, నీడలో తలకిందులుగా వారం వేలాడదీస్తే పగుళ్లు ఇంకా విచ్చుకుంటాయి. లోపలి వైపు లేత గంధం రంగులో, బయటి గరుకుకు పొంతన లేకుండా నున్నగా ఉంటుంది. పూర్తిగా విచ్చుకోకుండా సగంలో ఆపాలంటే కాయ మధ్యలో దారం ఒక చుట్టు చుట్టి వదలండి. ఎర్ర బెండ వేసినవాళ్లు ఎండాక ఎరుపు ఉంటుందని ఆశపడకండి, అది కూడా గోధుమరంగే అవుతుంది.

ఇంకో మంచి పద్ధతి, కాపు అయిపోయిన బెండ మొక్కను కాయలతో సహా మొదలుకు కోసి తలకిందులుగా ఎండబెట్టడం. ఆకులు రాలిపోయి కర్రకు కాయలు మాత్రం మిగులుతాయి. పొడవాటి మట్టికూజాలో మూడు కర్రలు పెడితే ఇక వేరే పూలకుండీ అక్కర్లేదు.

పువ్వు పూసిన గోంగూరను పీకి పారేయకండి. ఎండిన కాయలు గుండ్రంగా, కొస తేలి, కర్ర పొడవునా వరసగా ఉంటాయి. నూగు గుచ్చుకుంటుంది, జాగ్రత్త.

మిరప, మొక్కజొన్న

మిరపకాయలు పూర్తిగా పండి ఎర్రబడ్డాకే కోయండి. సూది కాయలోంచి కాకుండా ముచ్చికలోంచి గుచ్చాలి. కాయకు చిల్లు పడితే అక్కడే బూజు పట్టి నల్లబడుతుంది. గుచ్చే ముందు రెండు రోజులు పలచగా ఆరబోసి వడలనిస్తే ముచ్చిక విరగదు. మూరెడు గుత్తికి అరవై డెబ్బై కాయలు పడతాయి. పల్చని తోలున్న గుంటూరు రకాలు త్వరగా ఎండుతాయి. అలంకరణకే అయితే నా ఓటు వరంగల్ చపాటాకు. లావుగా, ముడతలతో, ముదురు ఎరుపులో ఉంటుంది, కారం తక్కువ. 2025లో దీనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే తోలు మందం కాబట్టి గాలి బాగా ఆడాలి, గుత్తి వదులుగా కట్టాలి.

చిన్నపిల్లలున్న ఇంట్లో మిరప గుత్తిని అందని ఎత్తులో కట్టండి. మీరూ పనయ్యాక చేతులకు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. మిరపల్ని ఒంటరిగా గుమ్మానికి కట్టకండి. మొదటి ఏడాది కడితే పక్కింటావిడ "ఎవరి దిష్టి తగిలిందండీ" అని అడిగారు. బీరబిళ్లల మధ్యలో కలిపి కడితే ఆ అనుమానం రాదు.

మొక్కజొన్నలో స్వీట్‌కార్న్ వద్దు, గింజ ఎండి ముడతలు పడుతుంది. గట్టి గింజ నాటు రకమో, పేలాల రకమో కావాలి. పొత్తు ఎండాక పై పొరలను చింపకుండా వెనక్కి ఒలిచి, పీచు తీసేసి, ఆ పొరల్ని పది నిమిషాలు తడిపితే మెత్తబడతాయి. మూడు పాయల జడ వేసి కొసన పురికొసతో ముడేయండి. పల్లెల్లో విత్తనపు పొత్తుల్ని ఇలాగే జంటలు కట్టి, వంటింటి పొగ తగిలేలా వాసానికి వేలాడదీసేవాళ్లు. పురుగు పట్టకుండా ఆ పొగే కాపాడేది. మన వంటిళ్లలో చిమ్నీ తప్ప పొగ లేదు కాబట్టి పురుగు సంగతి వేరేగా చూసుకోవాలి.

గుమ్మడిని ఎండబెట్టాలని చూడకండి. గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడి ఒకరోజు హఠాత్తుగా ఎలా కారుతుందో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తొడిమ ఊడని, గాయం లేని ముదురు తీపి గుమ్మడి పచ్చిగానే నెలల తరబడి నిలవుంటుంది. దాన్ని ఉట్టిలోనో పీట మీదో పెట్టి చూసుకుని, సంక్రాంతికి కూర వండేయండి.

పురుగు పట్టకుండా

గింజ ఉన్న ప్రతి ఎండుకాయలోనూ పురుగు గుడ్లు ఉండొచ్చు. కట్టే ముందు మొక్కజొన్న, బెండ, గోంగూర కాయల్ని కవర్లో వేసి గాలి తీసి మూతి కట్టి, ఫ్రీజర్లో ఐదు రోజులు పెట్టండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, లోపలికి చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చాక, మర్నాడు విప్పండి. సంచిలో కట్టొద్దన్నావు కదా అంటారేమో, అది ఎండని కాయ గురించి. ఎండినదానికి ఐదు రోజులు ఏమీ కాదు. ఫ్రీజర్లో ఎండుమిరప పెడితే ఐస్‌క్రీంకు ఘాటు వాసన పట్టింది మా ఇంట్లో. మిరపను మాత్రం వదిలేయండి.

గుమ్మం పక్కన కట్టడం

మూడడుగుల వెదురు కర్రో, కంది కట్టో తీసుకోండి. నేల మీద పాత దుప్పటి పరిచి, కర్ర పెట్టి, కట్టేముందు అన్నీ దాని కింద వరసగా పేర్చి చూసుకోండి. ముడేశాక మార్చడం విసుగు పని.

మధ్యలో మొక్కజొన్న జడలు రెండు, ఒకటి జానెడు పొడవుగా, ఇంకోటి కాస్త పొట్టిగా. బరువైనవి మధ్యలో ఉంటే కర్ర ఒక పక్కకు వాలదు. వాటికి అటూ ఇటూ బెండకాయ గుత్తులు, తొడిమలు పైకి. వాటి పక్కన బీరబిళ్లల దండలు. పురికొసను పెద్ద సూదికి ఎక్కించి, బిళ్ల మధ్య కన్నంలోంచి కాకుండా అంచు అల్లికలోంచి గుచ్చాలి, అప్పుడే బిళ్ల ముఖం మనవైపు తిరిగి ఉంటుంది. ప్రతి బిళ్ల కింద ఒక ముడి వేయకపోతే అన్నీ జారి అడుక్కి చేరతాయి. రెండు బిళ్లలకు ఒకసారి మూడు మిరపకాయలు. చివర ఒక బెండకాయ బరువుకి.

గ్లూగన్ వాడకండి. నవంబరులో పట్టుకున్న జిగురు మార్చి ఎండకు వదిలేస్తుంది, ఒక్కో బిళ్ల టపటపా రాలుతుంది. పురికొస ముడి వదలదు. గోంగూర కాడల్ని పది పదిహేను రోజులు నీళ్లలో నానబెట్టి నార తీసుకోగలిగితే గోగునారతో కట్టండి, ఇంకా అందం. వాసన భరించాలి, అది మాత్రం ముందే చెబుతున్నాను. మూడో రోజుకే మావాళ్లు ఆ బక్కెట్టును మిద్దె చివరికి తోసేశారు.

ముడులు కనబడే చోట మొక్కజొన్న పొరను తడిపి పట్టీలా చుట్టి వెనక కట్టేయండి. కర్ర రెండు కొసలకూ తాడు కట్టి ఒకే మేకుకు తగిలించండి. ద్వారబంధం పైన మామిడాకుల చోటు మామిడాకులకే వదిలి, దీన్ని పక్క గోడకు పెట్టండి. వాన జల్లు పడని చోటు, కార్తీక దీపాలకు కనీసం నాలుగడుగుల దూరం. కింద పీట మీద సొరబుర్ర, గుమ్మడి. పొలం ఉన్న చుట్టాలు వరికోతలప్పుడు వస్తే గుప్పెడు కంకులు అడిగి తీసుకుని, కుచ్చులా కట్టి చివర వేలాడదీయండి. పిచ్చుకలు వస్తాయి. మా ఏరియాలో పిచ్చుకలు లేవు, ఉడుత వచ్చింది. నాలుగు రోజుల్లో కుచ్చు ఖాళీ చేసి ఐదో రోజు మొక్కజొన్న మీద పడింది. అప్పటినుంచి వరికుచ్చును విడిగా, జామచెట్టుకు కడుతున్నాను.

వారానికోసారి మెత్తటి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి, తడిబట్ట వద్దు. ఎక్కడైనా గోడ కింద సన్నటి పిండిలాంటి పొడి రాలి కనబడితే పైన ఉన్న కాయలో పురుగు పడినట్టే. ఆ ఒక్కదాన్ని తాడు కోసి తీసేయండి, పక్కవాటిని తట్టి చూడండి. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు కర్ర దించి, మిరపల్ని, బెండల్ని కంపోస్టులో వేయండి. నెలల తరబడి దుమ్ము పట్టిన మిరపల్ని కారం పట్టించాలనుకోకండి. బీరబిళ్లలు సబ్బునీళ్లలో పిండి ఆరేస్తే గిన్నెలు తోమడానికి పనికొస్తాయి. సొరబుర్రను తుడిచి అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ చుట్టి దాచండి. పెట్టెకు నాలుగు పక్కలా వేలు పట్టేంత కన్నాలు మర్చిపోకండి.